ఇరవై ఏడుకి క్యాంపు పెట్టిన మనిషి

మొన్న ఆదివారం మా వాట్సాప్ గ్రూపులో ఈ ఏటి పోలింగు పెడుతూ సభ్యుల లెక్క దగ్గర ఆగిపోయాను. సభ్యులు ఇరవై మంది అని ఫోను చూపిస్తోంది. ఉన్నది పంతొమ్మిది మందిమి. ఇరవయ్యో ఆయన పోయి నాలుగు నెలలైంది. ఆయన నంబరు తీసెయ్యాల్సింది అడ్మిన్‌ని కాబట్టి నేనే. తియ్యలేదు. తీస్తే, "ఎవుర్నడిగి నా ఓటు లేపేశావే?" అని వచ్చి నిలదీస్తాడేమోనని భయం. ఓటర్ల జాబితాలో పేరు గల్లంతైతే ఊరుకునే మనిషి కాదాయన.

ఆయన మాకు చుట్టమేం కాదు. గురజాల దగ్గర మా ఊళ్ళో మా వీధి చివరి ఇల్లు వాళ్ళది. వరస కలిపి బాబాయ్ అని పిలిచేదాన్ని. ఎనిమిదెకరాల మిరప, కాస్త పత్తి, ఒకసారి వార్డు మెంబరు, రెండుసార్లు ఓటమి. ఇంతవరకే చెబితే ఇలాంటి బాబాయిలు పల్నాడులో ఊరికి పదిమంది దొరుకుతారు. పాత వీడియో గేముల మీద వచ్చే నవ్వుల ప్రోగ్రాముకి ర్యాంకులు రాసుకుని, ఆ కాగితం తెల్ల చొక్కా జేబులో పెట్టుకుని తిరిగే బాబాయ్ మాత్రం ఈయనొక్కడే.

ఆ ప్రోగ్రాం పేరు 'క్యాసెట్ కోర్టు'. యూట్యూబులో వస్తుంది. బెజవాడ వైపు ఎవరో కుర్రవాడు గళ్ళ లుంగీ మీద నల్లకోటు తొడుక్కుని, పాత డబ్బా టీవీ ముందు కూర్చుని, ముప్పై ఏళ్ళ కిందటి గేము క్యాసెట్టు ఒకదాన్ని బోనులో నిలబెడతాడు. ఆడి చూపిస్తాడు, తిడతాడు, సాక్షుల్ని పిలుస్తాడు, సాక్షుల వేషాలూ తనే వేస్తాడు. చివర్లో టేబులు మీద అప్పడాల కర్రతో కొట్టి తీర్పు చెబుతాడు. నేను నరసరావుపేటలో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. ఖాళీ పీరియడ్లలో ఇది చూసి నవ్వుకునే వాళ్ళం నలుగురం కలిసి గ్రూపు పెట్టాం. నలుగురం ఇరవై అయ్యాం. ఏటా ఒకసారి ఓట్లేసి, ఏ ఎపిసోడు ఫస్టో, ఏది సెకండో పది దాకా లిస్టు తీస్తాం.

బాబాయ్ ఈ ప్రోగ్రాం చూసే తీరే వేరు. మిరపకాయలు ఆరబోసిన కల్లంలో, తాటాకు పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఫోనుని నీళ్ళ సీసాకి ఆనించి, చెయ్యంత దూరంలో పెట్టి చూసేవాడు. నవ్వొస్తే శబ్దం ఉండదు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడతాయి. కాయలు ఏరే ఆడవాళ్ళు మొదట్లో ఆయనకి వణుకుడు జబ్బు వచ్చిందనుకున్నారట. నవ్వు తగ్గాక వెనక్కి తిప్పి మళ్ళీ అదే ముక్క చూసి మళ్ళీ నవ్వేవాడు. పదిహేను నిమిషాల ఎపిసోడు ఆయనకి గంట పట్టేది. ప్రోగ్రాం నడిపే కుర్రవాడితో ఎదురుగా ఉన్నట్టే మాట్లాడేవాడు. "ఒరేయ్ జడ్జీ, ఆ ఎడమ సందులోకి పోమాక, దెబ్బైపోతావ్" అని అరిచేవాడు. వాడు పోయేవాడు, దెబ్బైపోయేవాడు. "చెప్పానా?" అన్నట్టు ఈయన కాయలేరే వాళ్ళ వంక చూసేవాడు.

ర్యాంకులు ఇవ్వడం కూడా మార్కెట్ యార్డులో మిరపకాయకి ఇచ్చినట్టే. డీలక్స్, బెస్టు, మీడియం, తాలు. తాలంటే తెల్లబడిపోయిన కాయ, ఏరి పక్కన పారేసేది. "మొన్నటి ఎపిసోడు ఎట్టుంది బాబాయ్?" అంటే, "పైన కాయ బానే ఉందిలే గానీ, అడుగున తాలు కలిపాడే" అనేవాడు. మొదటి ఐదు నిమిషాలు నవ్వించి తర్వాత నీరసపడిందని అర్థం. ఇక నంబర్లంటారా, ఆ ప్రోగ్రాంలో పెద్ద గేముల్ని రెండు భాగాలుగా తీస్తారు. పద్నాలుగో ఎపిసోడు రెండో భాగాన్ని ఆయన "పద్నాలుగు బై టూ" అనేవాడు, పొలం సర్వే నంబరు చెప్పినట్టు. ఇప్పుడు మా గ్రూపులో అందరూ అలాగే అంటున్నారు. బెంగుళూరు ఉద్యోగం వాళ్ళు కూడా.

ఆయన డీలక్స్ ఒకటే. ఇరవై ఏడు. ట్యాంకుల ఆట మీద తీసిన ఎపిసోడు అది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని చెరొక ట్యాంకు నడుపుతూ, తెర అడుగున ఇటుకల మధ్య ఉన్న తమ కోటని కాపాడుకోవాలి. వచ్చే శత్రువుల్ని కాల్చాలి. తిరకాసు ఏమిటంటే, కంగారులో మనవాడి గుండే మన కోటకి తగిలినా ఆట అయిపోతుంది. ఆ ఎపిసోడులో జడ్జి తన కోటని తనే పదకొండుసార్లు కాల్చుకుంటాడు. నిజం చెప్పొద్దూ, నాకు అది మీడియం. బాబాయ్ ముందు ఆ మాట ఎప్పుడూ అనలేదు.

ఇక్కడ ఆయన అన్న గురించి చెప్పాలి. బాబాయ్ వాళ్ళ పెదనాన్న కొడుకు, ఆరునెలలు పెద్ద. ఈ అన్నని నేను పెదనాన్న అని పిలుస్తాను. ఇద్దరూ నరసరావుపేటలో ఒకే గదిలో ఉండి ఇంటర్ చదివారు. చదివారని అనడం మర్యాద కోసం. కాలేజీ వెనక ఒక భాయ్ కొట్లో గంటల లెక్కన గేములు ఆడించేవాడు, అక్కడ చదివారు. ట్యాంకుల ఆటలో ఆఖరి మెట్టు దాకా వెళ్ళిన వాళ్ళు ఆ కొట్టు చరిత్రలో వీళ్ళిద్దరేనట. ఆ ఆఖరి మెట్టులో, ఒక్క శత్రువు మిగిలి ఉండగా, కోట పేలిపోయింది. పేల్చింది శత్రువు కాదు. "నువ్వే" అంటే "నువ్వే" అని గది దాకా పోట్లాడుకుంటూ వచ్చి, ఒకే కంచంలో అన్నం తిని పడుకున్నారు.

అది అక్కడితో పోయేది. కానీ పద్నాలుగేళ్ళ కిందట పంచాయితీ ఎన్నికలప్పుడు పెదనాన్న అవతలి పార్టీలోకి వెళ్ళాడు. ఊరంతా కూడిన మీటింగులో బాబాయ్ మైకు పుచ్చుకుని, "వీడి సంగతి నాకు కొత్తా? చదువుకునే రోజుల్లోనే ఆటలో మన కోటని మన వైపు నుంచే కాల్చినోడు వీడు" అన్నాడు. ఊరు విరగబడి నవ్వింది. అంతటితో ఆగక పెదనాన్నకి కోటకాల్చినాయన అని పేరు పెట్టింది. ఇప్పటికీ వెనకాల అదే పేరు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. ఎదురెదురు ఇళ్ళు. ఆడవాళ్ళు గోడ మీదుగా పచ్చళ్ళు మార్చుకుంటూనే ఉన్నారు, మగవాళ్ళు మాత్రం ఒకరు అరుగు మీదికొస్తే ఇంకొకరు లోపలికి పోవడమే.

పెదనాన్న ఒకసారి గురజాల బస్టాండులో నన్ను పట్టుకుని, "ఏమే, ఆ క్యాసెట్ కోర్టు గ్రూపంట గదా. నన్నూ అందులో వెయ్యి. వాడికి చెప్పమాక" అన్నాడు. చేర్చాను. పది నిమిషాల్లో బాబాయ్ ఫోను. "అమ్మాయ్, ట్రాక్టరు బొమ్మ పెట్టుకున్నోడు మావాడేగా? ఉండనీలే. నాకు తెలిసినట్టు వాడికి చెప్పమాక." ఇలా మొదలైంది నా ఖర్మ.

మాటల్లేని ఇళ్ళ వాళ్ళు మా వైపు ఎలా మాట్లాడుకుంటారో తెలుసుగా. మధ్యలో ఒక మనిషిని నిలబెట్టి, ఎదురుగా ఉన్నవాడికి వినపడేట్టు ఆ మనిషికి చెబుతారు. వీళ్ళు ఆ పద్ధతిని తీసుకొచ్చి వాట్సాప్‌లో పెట్టారు. బాబాయ్ రాసేవాడు: "అడ్మిన్ గారూ, ఇరవై ఏడుని తాలు అన్న పెద్దమనిషికి కళ్ళజోడు మార్చుకోమని చెప్పగలరు." కింద పెదనాన్న: "అడ్మిన్ గారూ, పద్నాలుగు బై టూ చూసి నవ్వు రానోడికి పళ్ళు కట్టించుకోమని చెప్పగలరు." ఇద్దరి మాటలూ ఇద్దరికీ కనబడుతూనే ఉంటాయి. అయినా నేను మధ్యలో "తెలియజేయడమైనది" అని పెట్టకపోతే, ల్యాబులో ఉన్నానని కూడా చూడకుండా ఫోను చేసి, "చెప్పావా? ఏమన్నాడు?" అని అడిగేవారు. అలా మూడేళ్ళు తెలియజేశాను.

పోయినేడు జడ్జి ఒక ఎపిసోడు చివర్లో మా గ్రూపు ఊసెత్తాడు. ఎవరో మా లిస్టు పంపితే సర్వే నంబర్లు చూసి పడి పడి నవ్వాడట. "ఈ ఏడు పల్నాడు లిస్టులో ఫస్టు వచ్చిన కేసుని మళ్ళీ విచారిస్తా. వాళ్ళు పంపే వాంగ్మూలం కోర్టులో చదివి వినిపిస్తా" అన్నాడు. మరునాడు పొద్దున్నే బాబాయ్ నరసరావుపేటలో మా గది ముందున్నాడు. చేతిలో అరటిపళ్ళు.

"రాయవే. తెలుగులో టైపు చెయ్యటం నాకు రాదు."

రాశాను. ఇప్పటికీ నా ఫోనులో ఉంది. 'నేను ఒళ్ళు తెలిసి చెప్పేదేమంటే, ఆఖరి మెట్టులో మన కోటను కాల్చింది నేనే. మా అన్న కాదు. పదమూడేళ్ళ కింద పదిమందిలో నేనన్న మాట తప్పు. కోర్టు వారి ఎదుట ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.'

మూడేళ్ళలో ఆయన నోట 'వాడు' తప్ప 'మా అన్న' వినడం అదే మొదలు. "ఎదురింట్లోనే ఉంటాడుగా బాబాయ్, వెళ్ళి చెప్పెయ్యరాదూ?" అన్నాను.

"ఎట్టా చెప్తానే? మేం మాట్లాడుకోం గదా" అన్నాడు, నాకు ఆమాత్రం తెలియనందుకు జాలిపడుతూ. అరటిపండొకటి తుంచి నాకిచ్చి, "మాట పదిమందిలో అన్నా. తీసుకునేది కూడా పదిమందిలోనే ఉండాల. వాడు ఈ ప్రోగ్రాం చూస్తాడు, ఊళ్ళో చానామంది చూస్తారు. ఇరవై ఏడు ఫస్టు రావాల, అంతే" అన్నాడు.

అటు పెదనాన్నకి ఈ వాంగ్మూలం సంగతి తెలియదు. ఇరవై ఏడు మళ్ళీ విచారణకొస్తే తమ్ముడు ఆ పాత మాటే జడ్జి చేత లోకానికంతా చెప్పిస్తాడని ఆయన భయం. అందుకని పద్నాలుగు బై టూకి ఫోన్ల మీద ఫోన్లు చేసి ఓట్లడిగాడు. నన్ను కూడా అడిగాడు. ఒట్టు పెట్టాడు బాబాయ్, వాంగ్మూలం సంగతి ఎవరికీ చెప్పొద్దని. ఇద్దరి మాటలూ మోసే నేను అసలు మోయాల్సిన మాటని మోయకుండా ఉండిపోయాను.

ఇక బాబాయ్ తనకి తెలిసిన రాజకీయం మొదలుపెట్టాడు. మండలంలో పదవి ఎన్నికలొస్తే, మెంబర్లని అవతలివాళ్ళు లాక్కుపోకుండా ముందే ఎటైనా తీసుకెళ్ళి దాస్తారు. దాన్ని క్యాంపు అంటారు. వీడియో గేముల లిస్టు కోసం క్యాంపు పెట్టిన మనిషి భూమ్మీద ఇంకొకరుంటారని నేను అనుకోను. పోలింగు ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటి దాకా. ఆ ఉదయం ఒక పెద్ద కారు మాట్లాడి, గాలివాటంగా కనబడిన నలుగురు ఓటర్లనీ, నన్నూ ఎక్కించుకుని ఎత్తిపోతల జలపాతానికి తీసుకెళ్ళాడు. మాచర్లలో సెల్‌ఫోన్లు బాగుచేసే భాయ్, రెంటచింతల టీచరు గారు, పిడుగురాళ్ళ సున్నం బట్టీ గుమాస్తా, మా కాలేజీ లైబ్రేరియన్ మేడమ్. కారెక్కగానే గోనెసంచి తెరిచి, ముందు తన ఫోనే వేసి, "ఫోన్లు ఇందులో వెయ్యండి. క్యాంపు రూలు" అన్నాడు.

"ఫోనులోనే గదా భాయ్ ఓటేసేది?" అన్నాడు మాచర్ల భాయ్.

"అందుకే తీసుకునేది. పన్నెండుకి పది నిమిషాలుండగా నేనే ఇస్తా. అందరూ నా కళ్ళముందే నొక్కాల. ముందే ఇస్తే వాడు ఫోను చేసి మిమ్మల్ని తిప్పేస్తాడు."

"అంతకుముందే నొక్కేస్తే ఒక పనైపోతుంది కదండీ" అన్నారు టీచరు గారు.

"నొక్కినాక మళ్ళీ మార్చుకోవచ్చంట గదా ఆ వాట్సాప్‌లో. నాకు తెలీదనుకున్నారా?" అన్నాడు బాబాయ్. నిజమే, మార్చుకోవచ్చు. ఆయన దేన్నీ వదిలిపెట్టలేదు, ఒక్కదాన్ని తప్ప.

జలపాతం పక్కన బిరియానీ తిన్నాం. లైబ్రేరియన్ మేడమ్ మొసళ్ళని చూసొచ్చారు. నేను పదకొండున్నరకి ఒకసారి, ముప్పావుకి ఒకసారి గుర్తుచేశాను. సరిగ్గా పదకొండూ యాభైకి బాబాయ్ లేచి, పంచె సర్దుకుని, కారు డిక్కీ తెరిచి, ప్రమాణ స్వీకారం చేయిస్తున్నంత గంభీరంగా ఎవరి ఫోను వాళ్ళకిచ్చాడు. ఆ లోయలో ఎవరి ఫోనుకీ సిగ్నలు లేదు.

ఆ పది నిమిషాలూ గుర్తొస్తే ఇప్పటికీ నవ్వాగదు. ఆరుగురం ఆరు చేతులు పైకెత్తి మెట్లెక్కి పరిగెత్తాం. టీచరు గారు బండరాయి ఎక్కారు. గుమాస్తా ప్రహరీ గోడ ఎక్కాడు. "ఒక గీత వచ్చింది!" అని భాయ్ కేకేస్తే అందరం అటు పోయాం, ఆ గీత పోయింది. పైన రోడ్డు మీదకి వచ్చేసరికి పన్నెండూ పది. పన్నెండు కొట్టగానే పెదనాన్న ఫలితం ఫొటో తీసి గ్రూపులో పెట్టేశాడు. పద్నాలుగు బై టూకి ఎనిమిది. ఇరవై ఏడుకి ఆరు. మా ఓట్లు ఆరూ డిక్కీలో ఉన్నాయి.

"అడ్మిన్‌ని నేనేగా బాబాయ్, ఇంకో అరగంట పొడిగిస్తా" అన్నాను.

"వద్దు. గేటు మూసినాక ఓట్లేయిస్తే అది పోలింగంటారా?" అని రోడ్డు పక్క మైలురాయి మీద కూర్చున్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. కాసేపటికి భుజాలు ఎగరడం మొదలైంది. "మన కోట మనమే కాల్చుకున్నామే అమ్మాయ్" అన్నాడు. ఆ తర్వాత దారి పొడుగునా తప్పంతా బిరియానీ ఆలస్యం చేసినవాడిదని నిర్ధారించాడు.

ఆ వాంగ్మూలాన్ని కామెంటులోనైనా పెడతానన్నాను. ఒప్పుకోలేదు. "ఓడినోడు ఏం చెప్పినా ఓడి ఏడుస్తున్నాడంటారు. వచ్చే ఏడు గెలిచి పెడదాం. చెరపమాక" అన్నాడు. ఆయన లెక్కలో వచ్చే ఏడు ఎప్పుడూ గ్యారంటీయే.

మాఘమాసంలో, రెండో కోత కాయ కల్లంలో ఉండగా, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు. యాభై ఏళ్ళు. కాయలేరేవాళ్ళు భుజాలు కదలకపోయేసరికి అనుమానం వచ్చి దగ్గరికెళ్ళి చూశారట. నేను వెళ్ళేసరికి పెదనాన్న ఎదురింటి అరుగు మీద లేడు, ఈ ఇంట్లో ఉన్నాడు. పాడె మోశాడు.

పెద్దకర్మ రోజు, భోజనాలయ్యాక, నన్ను కల్లం వైపు రమ్మని సైగ చేశాడు. కాయ ఇంకా అలాగే ఆరబోసి ఉంది.

"అమ్మాయ్, ఒకటడుగుతా, దాచమాక. పోయినేడు ఇరవై ఏడు ఫస్టు వచ్చుంటే, ఆ జడ్జి చేత నన్నేమనిపిద్దామనుకున్నాడే వాడు?"

ఒట్టు తీసి గట్టు మీద పెట్టి ఫోను తీసిచ్చాను. ఆయన చెయ్యంత దూరంలో పెట్టుకుని చదివాడు. రెండోసారి చదివాడు. మొహంలో కోపమో ఇంకేమిటో నాకు అర్థం కాలేదు.

"అబద్ధం" అన్నాడు.

"ఏంది పెదనాన్నా?"

"వాడెట్టా కాలుస్తాడే? వాడి ట్యాంకులన్నీ అప్పటికే పోయినయ్. చేతిలో మీట కింద పెట్టేసి, నా పక్కన కూచోని, 'నింపాదిగా ఆడరా, గెలిచేశాం' అంటా ఉండాడు. ఆడతా ఉండింది నేనొక్కణ్ణే. కంగారుపడి నేనే కాల్చా. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ మీటింగులో వాడన్నది నిజమే. నిజం గనకే నాకంత మండింది."

ఫోను నా చేతిలో పెట్టాడు. వంగి ఒక తాలుకాయ ఏరి పక్కన పడేశాడు. తర్వాత, మూడేళ్ళుగా నాకు చెబుతూ వచ్చిన గొంతుతోనే, "చెప్పు వాడికి. కాల్చింది నేనేనని ఒప్పుకున్నానని చెప్పు" అన్నాడు.

"సరే పెదనాన్నా, చెప్తా" అని అలవాటు కొద్దీ అనేశాను.

ఆయన తల ఊపి, వెనక్కి తిరిగి, రెండడుగులు వేసి ఆగాడు. అక్కడే కాయల మీద కూలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, ఊరంతా వినబడేట్టు ఏడ్చాడు.